ఓబులేసు చొక్కా

కృత్తిక కార్తె, మంగళవారం

పొద్దున నీళ్ళ పైపు గస్తీకి, ఎండలో ఒళ్ళు చల్లబరిచే చొక్కాలు ఆరు ఇచ్చాను. ఐదుగురు నడిచి వచ్చారు. ఆరో చొక్కా ఓబులేసు ఒంటి మీదే, మిగతావాళ్ళు మోసుకొచ్చిన తడిక మీద వచ్చింది.

ఏడో వాల్వు దగ్గర పైపు చెమ్మగా ఉందని వంగి చూస్తూ అలాగే ముందుకు పడిపోయాడట. కాలు జారిందనుకొని మొదట నవ్వారట కూడా. వెల్లకిలా తిప్పి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మాట రాలేదు. చొక్కా మెడ దగ్గరి దీపం మాత్రం పచ్చగా వెలుగుతోంది. పచ్చగా ఉందంటే ఒళ్ళు చల్లగా ఉందని అర్థం. అది చూసి, ఇది ఎండదెబ్బ కాదు గుండెపోటు అనుకున్నారు. నీళ్ళు పోయకుండా, నీడకు లాగకుండా, అక్కడే కూర్చుని ఛాతీ మీద ఒత్తారు. ఎంతసేపు ఒత్తారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

గుట్ట లోపలి మా ఊరి తలుపు దగ్గర చొక్కా విప్పింది నేనే. నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను. పెనం మీద వేసినట్టుంది. చొక్కా తెర మీద మాత్రం ముప్పై ఏడు డిగ్రీలు, మామూలు ఒంటి వేడి, అని కనిపిస్తోంది. చల్లనీళ్ళు తిప్పే మోటారు మెల్లగా తిరుగుతోంది. బ్యాటరీ సగానికి పైగా ఉంది. నీళ్ళ సంచిలో చల్లదనం చాలా మిగిలి ఉంది. మనిషి కాలిపోతుంటే చొక్కా నీళ్ళు పొదుపు చేసుకుంటూ కూర్చుంది.

గస్తీ పెద్ద తిప్పేస్వామి నా భుజం మీదుగా ఆ అంకె చూశాడు.

"చొక్కా పనిచేస్తాండాదా, లేదా ఉలిగమ్మా?"

"పనిచేస్తాండాది అన్నా. మనిషికి ఏమైతాండాదో దానికి తెల్దు, అంతే."

ఓబులేసు భార్య మారెక్క కూడా గస్తీలోనే పనిచేస్తుంది. ఈ రోజు ఆమె వంతు కాదు. మందుల గది గడప మీద కూర్చుని ఉంది. లోపలికి పొమ్మన్నాను. కదల్లేదు.

ఏ చొక్కా ఎలా పోయింది, ఎలా వచ్చింది అన్నది ఈ పుస్తకంలో రాయడం నా పని. రాశాను.

బుధవారం

ఓబులేసు పోయాడు.

మధ్యాహ్నం ఊరి కమిటీ కూర్చుంది. తిప్పేస్వామి కమిటీలో కూడా ఉన్నాడు. ఓబులేసు గాలి ఆడటం లేదని ఒంటి వేడి కొలిచే బిళ్ళను ఆనించి ఉంచే చంక కింది పట్టీ వదులు చేసుకుని ఉంటాడని అన్నాడు. అలా చేసేవాళ్ళు ఉన్నారు, అది నిజమే. ఓబులేసు అలా చేయడం చూశావా అని అడిగాను. చూడలేదు గానీ అంతకంటే ఏముంటుంది, దీపం పచ్చగా ఉంది కదా అన్నాడు. కమిటీకి ఆ మాట సులువుగా ఉంది. చనిపోయినవాడి తప్పు అయితే మిగతా చొక్కాలు మంచివే. గస్తీ రేపు యథాప్రకారం సాగుతుంది.

మారెక్క తలుపు దగ్గర నిలబడి వింటోందని ఎవరూ చూడలేదు.

"ఆ పట్టీ నేనే బిగిస్తా రోజూ. నిన్న పొద్దున గూడా నేనే బిగిస్తి," అంది. అరవలేదు. చెప్పి వెళ్ళిపోయింది.

నేను కమిటీకి ఒకటే చెప్పాను. చొక్కా ఎందుకు అబద్ధం చెప్పిందో తెలిసేదాకా నా గది నుంచి ఒక్క చొక్కా బయటికి పోదు. తిప్పేస్వామికి కోపం వచ్చింది. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. నది దగ్గరి పంపులు ఎండ మీదే నడుస్తాయి. పైపులో నీళ్ళు పారుతున్నప్పుడే కారే చోటు కనబడుతుంది. అందుకే గస్తీ ఎండలోనే పోవాలి. గస్తీ పోకపోతే కారే నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఊరి తొట్టి నిండదు.

"ఎన్ని దినాలు?" అన్నాడు.

"తెల్దన్నా."

గురువారం

చొక్కాలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాటిని నడిపే సాఫ్ట్‌వేరు పేరు నీడ. అది ఎవరి సొంతమూ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక దొరికినప్పుడు రాసి, అందరికీ ఊరికే ఇచ్చారు. ఎవరైనా తెరిచి చదవచ్చు, మార్చుకోవచ్చు. చెడిపోతే మీద పడి తిట్టడానికి మాత్రం ఎవరూ ఉండరు. అడగడానికి నెట్‌లో ఒక చోటు ఉంది. దాన్ని చావడి అంటారు. అక్కడ రాసి పెట్టాలి. తెలిసినవాళ్ళు, మనసున్నవాళ్ళు, ఆ పూట ఖాళీ ఉన్నవాళ్ళు జవాబు ఇస్తారు.

నేను జరిగిందంతా రాశాను. ఏ రకం చొక్కా, నీడ ఏ వెర్షన్, ఎండ ఎంత, ఓబులేసు ఎంత దూరం నడిచాడు, తెర మీద ఏముంది, ఒళ్ళు ఎలా ఉంది. పంపించి, చూస్తూ కూర్చున్నాను.

మొదటి జవాబు: "ఏ వెర్షన్?" నేను రాసిన మొదటి వరుసలోనే ఉంది.

రెండోది: "మా ఊళ్ళో అందరం ఇవే వేసుకుంటాం. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. పట్టీ సరిగ్గా కట్టుకోమనండి."

మూడో అతను, ఇది ఇదివరకే అడిగిన ప్రశ్న, మళ్ళీ అడగవద్దు అని పాత ప్రశ్న ఒకటి చూపించాడు. తెరిచాను. మూడేళ్ళ కిందటిది. రాసిన ఆమె ఎవరో, ఏ ఊరో లేదు. "దీపం పచ్చగా ఉండగానే మా చెల్లెలు పడిపోయింది. ఎవరికైనా ఇలా జరిగిందా?" అని మాత్రం ఉంది. కింద ఒకరు ఏదో అడిగారు, ఆమె చెప్పింది. ఇంకొకరు, మళ్ళీ జరిగేలా చేసి చూపగలరా అని అడిగారు. ఆమె మరి రాయలేదు. ఆఖరి వరుస: "మళ్ళీ జరగలేదు కాబట్టి ప్రశ్న మూసేస్తున్నాం. పైడిరాజు."

ఆ చెల్లెలు బతికిందో లేదో కూడా ఎవరూ అడగలేదు.

మూసేసిన ప్రశ్న కింద రాయడానికి కుదరదు. వెతికి వెతికి పైడిరాజుకు నేరుగా రాసే దారి పట్టుకున్నాను. ఇలా రాశాను: "మీరు మూసిన ప్రశ్న మా ఊళ్ళో మళ్ళీ జరిగింది. మనిషి చనిపోయాడు. తెరవండి."

శుక్రవారం

సాయంత్రం పైడిరాజు నాతో మాట్లాడాడు. గొంతు పెద్దవయసుది. వెనకాల సముద్రం హోరు వినబడుతూ ఉంది. ఉత్తరాన తీరంలో ఉప్పుమడుల్లో పని చేస్తాడట. పని నుంచి వచ్చి, స్నానం చేసి, అప్పుడు నీడ సంగతి చూస్తాడట. చొక్కాలో వేడి కొలిచే భాగం చూసేవాళ్ళు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. ఇప్పుడు ఆయన ఒక్కడే.

"మీరు రాసింది సదివేనమ్మా," అన్నాడు. "ఆ పాతదీ మళ్ళీ సదివేను. ఆ రోజుల్లో దినానికి నలబై ప్రశ్నలొచ్చేవి. జవాబు రాకపోతే మూసీడమే."

"ఆమె జవాబు రాయలేదంటే ఎందుకు రాయలేదో అడగల్ల గదా."

"అడగాలి," అన్నాడు.

తర్వాత పనిలోకి దిగాడు. ఓబులేసు చొక్కాలో ఏమైనా రికార్డు మిగిలిందా అన్నాడు. చొక్కా మామూలుగా అప్పుడప్పుడు ఒక అంకె మాత్రం దాచుకుంటుంది. ఆ అంకెలన్నీ ముప్పై ఏడే. వాటిని చూసి ఏమీ చెప్పలేనన్నాడు. పూర్తి రికార్డింగు పెట్టి, చొక్కా తప్పు చేస్తున్న సమయంలో లోపల ఏం జరుగుతోందో పట్టుకోవాలట.

"అంటే మళ్ళీ జరగాల," అన్నాను.

"జరగాలమ్మా. కానీ మనిషి మీద కాదు. ముందు కుండ మీద సూడండి."

ఆదివారం

రెండు రోజులుగా కుండతోనే ఉన్నాను. కుండలో ఒంటి వేడికంటే ఎక్కువ వేడి నీళ్ళు పోసి, ఓబులేసు చొక్కా తొడిగి, ఎండలో పెట్టాను. చొక్కాకు వేడి కొలిచే బిళ్ళలు రెండు, ఒకటి చంక దగ్గర, ఒకటి మెడ వెనక. రెండూ సరిగ్గా చెప్పాయి. దీపం ఎర్రబడింది, మోటారు గట్టిగా తిరిగింది. ఇంకా వేడి పోశాను. ఊపాను. నీళ్ళలో ముంచి తీశాను. ఎలా చేసినా చొక్కా బుద్ధిగా నిజమే చెబుతోంది.

అక్కడ పైడిరాజు కూడా తన చొక్కాతో అదే చేశాడు. ఆయనకూ అంతే.

చావడిలో ఒకరు పాత వెర్షన్‌కు పోండని సలహా ఇచ్చారు. పోయాను. ఇప్పటి బ్యాటరీలను పాత వెర్షన్ గుర్తుపట్టదు. చొక్కా అసలు వెలగనే లేదు.

సోమవారం

తొట్టి అడుగు కనిపిస్తోంది. ఏడో వాల్వు అవతల ఎక్కడో పెద్దగానే కారుతోంది. మనిషికి రెండు చెంబులు.

తిప్పేస్వామి ఇద్దరిని వెంటబెట్టుకొని, తడిగుడ్డలు చుట్టుకొని, తెల్లవారుతూనే పోయాడు. పంపులు అప్పటికి మొదలవలేదు. పొడి పైపు పొడవునా నడిచి, ఏమీ కనబడక తిరిగి వచ్చాడు. నా గది ముందు నిలబడి చొక్కాలకేసి చూశాడు. అడగలేదు. అడిగినా బాగుండేది.

మంగళవారం

మారెక్క వచ్చింది. ఈ వారంలో ఆమె నా గదిలోకి రావడం ఇదే మొదటిసారి.

"ఆ తప్పు కుండకు రాదంట గదా అక్కా."

"రాలేదు."

"మనిషికి వస్తాది. ఆ చొక్కా నేనేసుకుంటా."

వద్దన్నాను. వేసుకోవాలంటే నేనే వేసుకుంటానన్నాను. పైడిరాజును అడుగుదాం పట్టు అంది. ఆయన ఇద్దరినీ వద్దన్నాడు. మనిషిని పెట్టి పరీక్ష చేయమని తాను చెప్పలేనన్నాడు. మారెక్క వాదించలేదు. తొట్టి సంగతి చెప్పింది. ఆయన విన్నాడు.

"నీ మొగుడి సంగతి తేలాలనేనా తల్లీ?" అన్నాడు చివరికి.

"అదీ ఉండాది. రేపు నేను గస్తీకి పోవల్ల, అదీ ఉండాది. చొక్కా ఎప్పుడు అబద్ధం చెప్తాదో తెల్దు గాని, చెప్తాదని తెలిసి ఏసుకునేది అయితే, చూసేదానికే ఏసుకుంటే పోదా?"

నేను ఎందుకు కాదో కూడా ఆమే చెప్పింది. అంకెలు చదివేది, పక్కన నడిచేది, ఎప్పుడు ఆపాలో చెప్పేది నేనే కావాలి. ఎండకు తల తిరిగినవాళ్ళు తమకు తల తిరిగిందని ఒప్పుకోరు. అది నిజం. గస్తీ వాళ్ళకు మొదటి రోజు నేర్పేది అదే.

పైడిరాజు నియమాలు చెప్పాడు. నాలుక కింద పెట్టే మామూలు థర్మామీటర్ నా చేతిలో ఉండాలి. అది ముప్పై తొమ్మిది చూపగానే ఆపాలి, దీపం ఏ రంగైనా సరే. మంచుగడ్డలు, తడిక, మోసే మనుషులు వెంట ఉండాలి. తిప్పేస్వామికి చెబితే, తానే వస్తానన్నాడు.

రోహిణి కార్తె, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

నలుగురం పోయాం. మారెక్క, నేను, తిప్పేస్వామి, తడిక పట్టడానికి ఆయన తమ్ముడు. మారెక్క ఒంటి మీద ఓబులేసు చొక్కా; దీపాన్ని నమ్మొద్దని చెప్పి మిగతా ముగ్గురికీ నేనే చొక్కాలు తీశాను. పొడవు ఎక్కువైతే కింద మడిచి కుట్టుకుంది. పట్టీ తానే బిగించుకుని, చూడు అన్నా అని తిప్పేస్వామికి చూపించింది. ఆయన పట్టీ కింద వేలు దూర్చబోయాడు. దూరలేదు. తల వంచుకున్నాడు.

నాలుగో వాల్వు దాకా అన్నీ సరిగానే ఉన్నాయి. ఆమెకు చెమట ధారగా కారుతోంది, మోటారు గట్టిగా తిరుగుతోంది. చొక్కా చెప్పేదీ థర్మామీటర్ చెప్పేదీ ఒకటే. ఒకసారి మారెక్క, ఈడ మా ఆయనకు ఒక తాబేలు దొరికింది పోయినేడు అని చెప్పింది.

ఆరో వాల్వు దాటాక చొక్కా చప్పుడు మారింది. మోటారు గొంతు తగ్గింది. ఆగమని థర్మామీటర్ పెట్టాను. ముప్పై ఎనిమిదిన్నర. తెర మీద ముప్పై ఏడు. పచ్చదీపం.

"వచ్చింది," అన్నాను.

"ఎంత?" అంది మారెక్క. చెప్పాను. "ఇంగొంచెం పోదాం. ఇది చాలదంటాడు పెద్దాయన. మళ్ళీ మూసేస్తాడు."

ఆపాలి. నియమం ప్రకారం ఇంకా ముప్పై తొమ్మిది రాలేదు గానీ మోటారు తగ్గిందంటే ఇక వేడి ఎగబాకడమే. అది తెలిసీ, ఏడో వాల్వు దాకా అన్నాను. మారెక్క అడిగినందుకు కాదు. నాకూ అనుమానం లేకుండా పట్టుకోవాలని ఉండింది. తిప్పేస్వామి వద్దు ఉలిగమ్మా అన్నాడు. నేను విన్లేదు.

ఏడో వాల్వు దగ్గరికి వచ్చేసరికి మారెక్క నన్ను రత్నక్కా అని పిలిచింది. రత్నక్క ఎవరో నాకు తెలియదు. చెయ్యి పట్టుకుంటే పొడిగా ఉంది. చెమట లేదు. థర్మామీటర్ ముప్పై తొమ్మిది గీత దాటి చాలా పైకి పోయింది, ఆ అంకె ఇక్కడ రాయలేను. పచ్చదీపం.

చొక్కా చించినట్టు లాగేశాను. మంచు మెడ మీద, చంకల్లో, తొడల మీద. తిప్పేస్వామి తన నీళ్ళన్నీ ఆమె మీద పోశాడు. అంత ఎండలో తన చొక్కా విప్పి దాని సంచిలోని చల్లనీళ్ళు కూడా పిండాడు. తడిక మీద ఎత్తుకుని పరుగెత్తారు. నేను వెనక చొక్కా పట్టుకుని పరుగెత్తాను. నడుమ ఒకసారి దాన్ని తిప్పి చూశాను. చంక కింది బిళ్ళ మీద తెల్లగా ఏదో పేరుకుంది. గోటితో గీకి నాలుక మీద పెట్టాను. ఉప్పు.

మారెక్క మందుల గదిలో ఉంది. తెలివి వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. రికార్డు పైడిరాజుకు పంపించాను. ఉప్పు సంగతి కూడా రాశాను.

శుక్రవారం

మారెక్కకు మూత్రం రావడం లేదు. మందుల గది డాక్టరమ్మ నాతో మాట్లాడటం లేదు.

శనివారం

కొంచెం వచ్చింది. ఎర్రగా ఉందట. అయినా వచ్చింది.

పైడిరాజుకు తప్పు దొరికింది. చెమట ఆరిపోయి ఉప్పు పేరుకుంటే చంక బిళ్ళ చర్మాన్ని వదిలేసి పైకి లేస్తుంది. అప్పుడు అది ఒంటి వేడి కాకుండా పక్కనే ఉన్న చల్లనీళ్ళ గొట్టాన్ని కొలుస్తుంది. మెడ వెనక బిళ్ళ మాత్రం వేడి అని అరుస్తూనే ఉంది. రెండూ రెండు మాటలు చెబితే నీడ చంక మాటే నమ్ముతుంది. మెడకు ఎండ తగిలి ఉంటుందిలే అనుకొని దాన్ని పక్కన పెడుతుంది. ఒళ్ళు చల్లగానే ఉంది కదా అని మోటారు తగ్గిస్తుంది. చెమట ఆగిపోవడమంటేనే మనిషి పోయే సమయం. సరిగ్గా అప్పుడే చొక్కా చేయి వదిలేస్తోంది.

"ఉప్పు సంగతి ముందు తట్టుంటే ఆ కుండకే నాలుగు పూతలు పూసి తేల్సీసుందుం," అన్నాడు పైడిరాజు. "ముప్పై ఏళ్ళుగా ఉప్పులోనే బతుకుతున్నాను. నాకే తట్టలేదు. ఆ పిల్లని ఎండలోకి పంపీసేం."

ఏడో వాల్వు దాకా పొమ్మన్నది ఆయన కాదు.

దిద్దిన వెర్షన్ రేపటికి రాసేస్తాడట. రెండు బిళ్ళలూ రెండు మాటలు చెబితే ఎక్కువ వేడి చెప్పినదాన్నే నమ్మి, మోటారు పెంచి, మెడ దగ్గర మోగుతుంది. దాన్ని ముందు ఉప్పు పూసిన కుండ మీద, తర్వాత తన ఒంటి మీద చూసుకుని పంపుతానన్నాడు. ఆ వయసులో మీరెందుకన్నాను. రాసినోడు ఏసుకోవాలి గదమ్మా అన్నాడు.

మంగళవారం

పైడిరాజు ఉప్పుమడుల్లో మధ్యాహ్నమంతా నిలబడ్డాడు. చొక్కా మోగిందట. బయటికి వచ్చి నీడలో కూర్చుని నాతో మాట్లాడాడు. గొంతు బలహీనంగా ఉంది.

"మోగింది," అన్నాడు. అంతే చెప్పి పెట్టేశాడు.

కొత్త వెర్షన్ మన చొక్కాలన్నింటిలో వేశాను. నేను కూడా ఒక్కొక్కదాన్ని ఉప్పు కుండ మీద పెట్టి చూశాను. అన్నీ మోగాయి. ఆ చప్పుడు విని మందుల గది నుంచి డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళింది.

బుధవారం

గస్తీ పోయింది. ఏడో వాల్వు అవతల పైపు నిలువునా పగిలి ఉంది. అతికారు. దారిలో ఒకసారి తిప్పేస్వామి చొక్కా మోగింది. ఆయన వెంటనే నీడలో కూర్చున్నాడు, మోత ఆగాక లేచాడు.

సాయంత్రం కమిటీలో ఆయనే నిలబడి, ఓబులేసు పట్టీ వదులు చేయలేదు, నేను తప్పు మాట అన్నాను అని చెప్పాడు. తర్వాత మందుల గదికి పోయి మారెక్కతో కూడా అదే చెప్పాడు.

"ఊఁ," అంది మారెక్క.

ఆయన ఇంకా ఏదో వింటానేమో అని నిలబడ్డాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మృగశిర కార్తె, ఆదివారం

చావడిలో పైడిరాజు మూడేళ్ళ కిందటి ప్రశ్నను మళ్ళీ తెరిచాడు. తప్పు ఏమిటో, ఎలా దిద్దారో దాని కింద రాశాడు. మూసింది తానేనని కూడా రాశాడు. అప్పటి నుంచి జవాబులు ఆగడం లేదు. మా నాన్న ఇలాగే పోయాడు, గుండెపోటు అనుకున్నాం. మా ఇటుక బట్టీలో ఇద్దరు. మా అబ్బాయి తాగి ఉన్నాడని రాసేశారు, వాడు తాగడు. పట్టీ సరిగ్గా కట్టుకోమన్న అతను కూడా రాశాడు. వాళ్ళ ఊళ్ళో ఒకామె పోయిందని, ఆమెకు ముందే జబ్బుందని అనుకున్నామని.

ఆ మూడేళ్ళ కిందటి ఆమె మాత్రం రాయలేదు.

మారెక్క ఇప్పుడు కూర్చుంటోంది. ఒక మూత్రపిండం సరిగ్గా లేదు. ఇక గస్తీకి పోకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఈ జవాబులు ఆమెకు చదివి వినిపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి ఆమే చదవమంది. అన్నీ విన్నాక, పైడిరాజుతో మాట్లాడాలంది.

ఆయన పలికాడు. ఎలా ఉన్నావు తల్లీ అన్నాడు.

"ఒగ మాట అడుగుతా పెద్దాయనా. మూడేండ్ల కిందట ఆయమ్మ అడిగినప్పుడే చూసుంటే మా ఆయన ఉండేవాడా?"

సముద్రం హోరు వినబడుతోంది. నేను ఆయన ఏదో ఒకటి చెబుతాడనుకున్నాను. ఎవరు చెప్పగలరు, అప్పుడు తెలియదు కదా, అలాంటిదేదో.

"ఉండేవాడమ్మా," అన్నాడు.

మారెక్క కళ్ళు మూసుకుంది. చెంపలు తడిశాయి గానీ గొంతు మారలేదు.

"సరే," అంది.

తర్వాత ఆయన ఇంకో మాట చెప్పాడు. కొత్త వెర్షన్ మీద ఓబులేసు పేరు పెడదామనుకుంటున్నాడట. ఇక ముందు నీడ వేసుకునే ప్రతివాళ్ళకూ ఆ పేరు కనబడుతుంది. నీకు ఇష్టమైతేనే, అన్నాడు.

"పేరొద్దు," అంది మారెక్క. "పేరు చూసి అయ్యో పాపమంటారు, పోతారు. ఎట్ల పడిపోయినాడో రాయండి. ఇంగోడికి అట్లైతే పక్కనోడికి తెలియల్ల."

"సెప్పమ్మా. రాస్తాను."

"మీకు కాదు. మా ఉలిగమ్మక్కకు చెప్తా. అక్క రాసి పంపిస్తాది. మీరు దాన్ని పైన పెట్టండి, మొదాట. ఎవురూ మూయకుండ."

ఆమె చెబుతుంటే నేను రాశాను. ఓబులేసుకు పడిపోయేముందు చెమట ఆగిపోయిందని గస్తీ వాళ్ళు తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పింది. వంగినవాడు మళ్ళీ లేవలేకపోవడం. తనకు జరిగింది కూడా చెప్పింది. ఏడో వాల్వు దగ్గర తనకు అస్సలు వేడి అనిపించలేదని, చలి వేసిందని, పక్కన నడుస్తున్నది చిన్నప్పుడు పోయిన తన అక్క అనుకున్నానని. ఆ పేరు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

అయిపోయిందనుకుని పెన్ను పెట్టేశాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఆ పొద్దున ఓబులేసుకు సంగటి దిగలేదట. రెండు ముద్దలు తిని, నీళ్ళు కూడా తాగకుండా లేచాడట. తలనొప్పి అన్నాడట. తాను పట్టించుకోలేదట.

"అది గూడా రాయల్లనా అక్కా?"

అది చొక్కాకు సంబంధించింది అవునో కాదో నాకు తెలియదు. పెన్ను మళ్ళీ తీసుకున్నాను. రెండు ముద్దలు, తలనొప్పి, నీళ్ళు తాగలేదు అని రాశాను. తర్వాత ఏం చేశాడని అడిగాను. మారెక్క చెప్పడం మొదలుపెట్టింది.